లోకల్‌లో నడిచి ప్రొడక్షన్‌లో పడిపోయే ప్రోగ్రామ్: ఎక్కడ వెతకాలి, ఏ వరుసలో వెతకాలి

లాప్‌టాప్‌లో (లోకల్‌లో) చక్కగా నడిచిన ప్రోగ్రామ్ ప్రొడక్షన్‌కి, అంటే అసలు యూజర్లు వాడే సర్వర్‌కి, ఎక్కించగానే ఆగిపోయిందంటే, చాలాసార్లు కోడ్‌ని తప్పుపట్టడానికి ఏమీ ఉండదు. కోడ్ అదే. మారినవన్నీ దాని చుట్టూ ఉన్నవి: ఆపరేటింగ్ సిస్టమ్, నడిపే యూజర్, మొదలయ్యే ఫోల్డర్, లైబ్రరీల వెర్షన్లు, నెట్‌వర్క్, డేటా పరిమాణం, ఒకేసారి నడిచే కాపీల సంఖ్య. అందుకని ఎడిటర్ తెరిచి కోడ్ మళ్లీ మొదటి నుంచి చదవడం దండగ పని. రెండు చోట్లకీ ఉన్న తేడాలు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోండి.

ఏ తేడాతో మొదలుపెట్టాలో తెలియాలంటే, ప్రోగ్రామ్ ఏ దశలో పడిపోతోందో చూడాలి. అసలు లేవడమే లేదా? లేచి దేనికో కనెక్ట్ కాలేకపోతోందా? నడుస్తూ తప్పు జవాబులిస్తోందా? కొన్ని గంటలు బాగా నడిచి ఆ తర్వాత పోతోందా? ఒక్కో దశకి అనుమానితులు వేరు.

ముందు ఆధారాలు, తర్వాత రోల్‌బ్యాక్

యూజర్లు ఇబ్బంది పడుతుంటే పాత వెర్షన్‌కి వెళ్లిపోవడమే మొదటి పని. కారణం తీరిగ్గా వెతకొచ్చు. కానీ వెనక్కి తిప్పే ముందు రెండు నిమిషాలు ఆగి లాగ్‌లు, ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఆగిపోతూ వదిలే నంబర్), మెమరీ వాడకం, నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా ఒక ఫైల్‌లోకి తీసి పెట్టుకోండి. కంటైనర్ (ప్రోగ్రామ్‌నీ దానికి కావలసినవన్నీ కలిపి విడిగా నడిపే పెట్టె) తీసేస్తే దాని లాగ్‌లు కూడా దాంతోపాటే పోతాయి. కంటైనర్లని నడిపించే కుబర్నెటీస్‌లో పాడ్ (కంటైనర్ల గుంపు) రీస్టార్ట్ అవుతూ ఉంటే మామూలు లాగ్స్ కమాండ్ కొత్తగా లేచిన కంటైనర్‌నే చూపిస్తుంది. చచ్చిపోయినదాని మాటలు వినాలంటే ప్రీవియస్ అనే ఆప్షన్ ఇవ్వాలి.

రోల్‌బ్యాక్‌లో ఒక ఉచ్చు ఉంది. కొత్త వెర్షన్‌తోపాటు డేటాబేస్ మైగ్రేషన్ (టేబుళ్ల ఆకారం మార్చే స్క్రిప్ట్) నడిచి, అందులో ఒక కాలమ్ తీసేసి ఉంటే పాత కోడ్ ఇక నడవదు. కాలమ్ చేర్చడం ఒక రిలీజ్‌లో, పాతది తీసేయడం దాని తర్వాతి రిలీజ్‌లో పెట్టుకునేవాళ్లకి ఈ తిప్పలు రావు.

లాగ్‌లో ఏమీ లేకపోయినా కంగారు పడకండి. పైథాన్ అవుట్‌పుట్ టెర్మినల్‌కి కాకుండా పైప్‌కి వెళ్తున్నప్పుడు బఫర్‌లో నిలిచిపోతుంది. ప్రాసెస్ ఒక్కసారిగా చస్తే ఆ చివరి లైన్లు బయటికి రావు. పైథాన్ అన్‌బఫర్డ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి (ప్రోగ్రామ్‌కి బయటి నుంచి అందే సెట్టింగ్) 1 ఇస్తే సరిపోతుంది.

అసలు లేవకపోతే

ఎగ్జిట్ కోడ్ చూడండి. 127 అంటే ఆ కమాండ్ దొరకలేదు. 126 అంటే ఫైల్ దొరికింది కానీ నడపడానికి వీల్లేదు. 128 కంటే పెద్దదైతే అందులోంచి 128 తీసేయండి, మిగిలింది ప్రాసెస్‌ని చంపిన సిగ్నల్ నంబర్. 137 అంటే 9, అంటే బలవంతంగా చంపేశారు, చాలావరకు మెమరీ చాలక కెర్నెల్ చేసిన పని అది. 139 అంటే 11, సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుంది. 143 అంటే 15, ఎవరో మర్యాదగా ఆగమన్నారు. డిప్లాయ్ సమయంలో 143 కనిపిస్తే అది సహజమే. 137 కనిపిస్తే డీమెసేజ్ (కెర్నెల్ మెసేజ్‌లు చూపే కమాండ్) అవుట్‌పుట్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అనే లైన్ కోసం వెతకండి.

ఫైల్ కళ్ల ముందే ఉంటుంది, అయినా నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అంటుంది. దీనికి రెండు కారణాలు ఎక్కువ. ఒకటి, స్క్రిప్ట్‌ని విండోస్‌లో సేవ్ చేశారు. ప్రతి లైన్ చివరా న్యూలైన్‌కి ముందు క్యారేజ్ రిటర్న్ కూడా చేరింది. మొదటి లైన్‌లో ఇంటర్‌ప్రెటర్ పేరు పక్కన కంటికి కనిపించని ఆ అక్షరం ఉండేసరికి లినక్స్ ఆ పేరు గల ఇంటర్‌ప్రెటర్ కోసం వెతికి లేదంటుంది. ఫైల్ కమాండ్‌తో చూస్తే సీఆర్ఎల్ఎఫ్ అని చెప్తుంది. డాస్ టు యునిక్స్ టూల్‌తో మార్చేయండి, మళ్లీ రాకుండా గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో షెల్ స్క్రిప్ట్‌లకి ఎల్ఎఫ్ అని రాసి పెట్టండి. రెండో కారణం, బైనరీని గ్లిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల సీ లైబ్రరీ) ఉన్న సిస్టమ్‌లో బిల్డ్ చేసి, ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్‌లో (కంటైనర్ తయారయ్యే మూస) పెట్టడం. ఆల్పైన్‌లో ఉండేది మజిల్ అనే వేరే సీ లైబ్రరీ. బైనరీ అడిగే లోడర్ అక్కడ లేదు, ఆ లేని లోడర్ గురించే ఆ మెసేజ్. బిల్డ్ మెషీన్‌లో గ్లిబ్‌సీ కొత్తదై, సర్వర్‌లో పాతదైతే మాత్రం ఫలానా గ్లిబ్‌సీ వెర్షన్ దొరకలేదని సూటిగానే చెప్తుంది. నడపబోయే సిస్టమ్‌ కంటే కొత్త సిస్టమ్‌లో బిల్డ్ చేయకూడదన్నది దీనికి మందు.

ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ వస్తే ప్రాసెసర్ రకం చూడండి. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లో బిల్డ్ చేసిన ఇమేజ్ ఆర్మ్64 కింద తయారవుతుంది, ఇంటెల్ లేదా ఏఎండీ సర్వర్‌లో అది నడవదు. డాకర్ బిల్డ్‌కి ప్లాట్‌ఫారమ్ ఆప్షన్‌లో లినక్స్ ఏఎండీ64 అని చెప్పాలి.

మాడ్యూల్ దొరకలేదు అని వస్తే మొదట ఫైల్ పేరులో పెద్ద, చిన్న అక్షరాలు చూడండి. విండోస్, మ్యాక్ ఫైల్‌సిస్టమ్‌లు డిఫాల్ట్‌గా వీటి తేడా పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది. ఇంపోర్ట్‌లో చిన్న యూతో యూజర్ అని రాసి, ఫైల్‌కి పెద్ద యూ పెట్టి ఉంటే మీ దగ్గర నడుస్తుంది, సర్వర్‌లో నడవదు. పేరు మార్చి కమిట్ చేసినా ఆ మెషీన్లలో గిట్‌కి ఒక్కోసారి ఆ మార్పు కనిపించదు. గిట్ ఎంవీతోనే మార్చండి.

పేరు సరిగ్గానే ఉంటే, ఆ ఫైల్ అసలు రిపోజిటరీలో ఉందా అన్నది చూడాలి. గిట్ ఇగ్నోర్ లిస్టులో పడి, మీ డిస్క్‌లో మాత్రమే బతుకుతున్న ఫైళ్లు చాలా ఉంటాయి. వేరే ఖాళీ ఫోల్డర్‌లో కొత్తగా క్లోన్ చేసి, రీడ్‌మీలో ఉన్న స్టెప్పులు మాత్రమే చేసి చూడండి. ఈ ఒక్క పరీక్ష సర్వర్ దాకా వెళ్లకుండానే సగం తప్పులు పట్టిస్తుంది. కానీ దీన్ని చేసేవాళ్లు తక్కువ.

లైబ్రరీల విషయంలో, లాక్ ఫైల్‌ని (ప్రతి లైబ్రరీ కచ్చితమైన వెర్షన్ రాసి ఉండే ఫైల్) కమిట్ చేసి సర్వర్‌లో దాన్నే అనుసరించాలి. నోడ్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడండి. లాక్ ఫైల్‌కీ ప్యాకేజ్ ఫైల్‌కీ పొంతన లేకపోతే అది మొండికేసి ఆగిపోతుంది, మనకి కావలసింది అదే. నోడ్ ఎన్వ్ అనే వేరియబుల్ విలువ ప్రొడక్షన్ అని ఉంటే డెవ్ డిపెండెన్సీలు (డెవలప్‌మెంట్‌కి మాత్రమే అని రాసిన లైబ్రరీలు) ఇన్‌స్టాల్ కావు. బిల్డ్‌కి కావలసిన టూల్ అందులో ఉండిపోతే అక్కడే చిక్కు.

సెట్టింగులు అందకపోతే

టెర్మినల్‌లో చేత్తో నడిపితే పనిచేస్తుంది, సర్వీస్‌గా లేదా క్రాన్‌లో (చెప్పిన వేళకి కమాండ్ నడిపేది) పెడితే పనిచేయదు. ఇది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే. క్రాన్ గానీ, సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ గానీ మీ టెర్మినల్ సెట్టింగులుండే బాష్ ఆర్‌సీ ఫైల్ చదవవు. క్రాన్‌లో పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) సాధారణంగా రెండు బిన్ ఫోల్డర్లకే పరిమితం, కాబట్టి మీరు ఇన్‌స్టాల్ చేసుకున్న పైథాన్, నోడ్ కనిపించవు. ప్రోగ్రామ్ ఉన్న పూర్తి పాత్ రాయండి. క్రాన్ వాడే షెల్ ఎస్‌హెచ్. డెబియన్, ఉబుంటుల్లో అది బాష్ కాదు, డ్యాష్. సోర్స్ కమాండ్, జంట చదరపు బ్రాకెట్లు అందులో పనిచేయవు. పైగా క్రాన్‌ట్యాబ్ లైన్‌లో శాతం గుర్తు వస్తే దాన్ని కొత్త లైన్‌గా తీసుకుంటుంది. డేట్ ఫార్మాట్ రాసేటప్పుడు శాతం ముందు బ్యాక్‌స్లాష్ తప్పనిసరి.

సిస్టమ్‌డీ సర్వీస్ మొదలయ్యే ఫోల్డర్ డిఫాల్ట్‌గా రూట్ డైరెక్టరీ. డేటా ఫోల్డర్‌లోని ఫైల్ అని రిలేటివ్ పాత్ రాసుకున్న కోడ్ అక్కడ వెతికి ఏడుస్తుంది. యూనిట్ ఫైల్‌లో (ఆ సర్వీస్ సెట్టింగుల ఫైల్) వర్కింగ్ డైరెక్టరీ ఇవ్వండి, లేదా కోడ్‌లోనే పూర్తి పాత్ కట్టండి.

నడుస్తున్న ప్రాసెస్‌కి నిజంగా ఏ వేరియబుల్స్ అందాయో ఊహించుకోనక్కర్లేదు. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబర్ కింద ఎన్విరాన్ అనే ఫైల్ ఉంటుంది. విలువల మధ్య నల్ అక్షరం ఉంటుంది కాబట్టి టీఆర్ కమాండ్‌తో దాన్ని న్యూలైన్‌గా మార్చి చదవండి. ప్రాసెస్ మొదలైనప్పటి విలువలే అందులో ఉంటాయన్నది గుర్తుంచుకోవాలి. పాస్‌వర్డ్‌లు కూడా అందులోనే ఉంటాయి, ఆ అవుట్‌పుట్‌ని చాట్‌లో పెట్టేయకండి.

విలువ అందినా వంకరగా అందొచ్చు. డాకర్ రన్‌కి ఇచ్చే ఎన్వ్ ఫైల్‌లో కోట్స్ పెడితే, ఆ కోట్స్ కూడా విలువలో భాగమైపోతాయి. పాస్‌వర్డ్ తప్పు అని వచ్చే ఎర్రర్ల వెనక ఇది తరచూ ఉంటుంది. ఎకో కమాండ్‌తో ఇచ్చిన విలువని బేస్64 చేసి కుబర్నెటీస్ సీక్రెట్‌లో పెడితే చివర న్యూలైన్ అతుక్కుంటుంది. ఎకోకి ఎన్ ఆప్షన్ ఇస్తే అది రాదు. ఇక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ స్ట్రింగ్‌లే. డీబగ్ విలువ ఫాల్స్ అని ఇచ్చి, పైథాన్‌లో దాన్ని బూల్‌లోకి మారిస్తే ట్రూ వస్తుంది, ఎందుకంటే ఖాళీ కాని స్ట్రింగ్ ఏదైనా ట్రూనే.

ఫ్రంటెండ్ వాళ్లకి ఒక మాట. వీట్ లాంటి బిల్డ్ టూల్స్‌లో ఎన్వ్ వేరియబుల్స్ బిల్డ్ సమయంలోనే జావాస్క్రిప్ట్‌లోకి ముద్ర పడిపోతాయి. సర్వర్‌లో మార్చి రీస్టార్ట్ చేసినా ఏమీ మారదు, మళ్లీ బిల్డ్ చేయాలి. ప్రొడక్షన్ సైట్ లోకల్‌హోస్ట్‌ని పిలుస్తోందంటే కారణం ఇదే.

పర్మిషన్లు

పర్మిషన్ డినైడ్ రాగానే 777 (అందరికీ అన్ని హక్కులు) ఇవ్వడం అలవాటుగా ఉన్నవాళ్లు ఆ అలవాటు మానుకోవాలి. అది పనిచేస్తే కారణం తెలియకుండా పోతుంది, పనిచేయకపోతే అనవసరంగా తలుపులు తెరిచినట్టవుతుంది. సర్వీస్ ఏ యూజర్ కింద నడుస్తోందో చూసి, సుడోతో అదే యూజర్‌గా ఆ ఫైల్‌ని చదివి చూడండి. ఫైల్ పర్మిషన్ సరిగ్గా ఉన్నా దాని పైనున్న ఫోల్డర్లలో ఏ ఒక్కదానికి ఎగ్జిక్యూట్ బిట్ లేకపోయినా లోపలికి దారి ఉండదు. నేమ్-ఐ కమాండ్‌కి ఎల్ ఆప్షన్ ఇస్తే పాత్‌లోని ప్రతి మెట్టు పర్మిషన్ వరసగా చూపిస్తుంది.

అవన్నీ సరిగ్గా ఉండి కూడా డినైడ్ అంటే, రెడ్‌హ్యాట్ కుటుంబపు సర్వర్లలో ఎస్ఈలినక్స్‌ని (ఫైళ్ల లేబుల్స్‌ని బట్టి హక్కులిచ్చే అదనపు భద్రతా పొర) అనుమానించండి. హోమ్ ఫోల్డర్ నుంచి ఎంవీతో తెచ్చిన ఫైల్ తన పాత లేబుల్‌తోనే వస్తుంది, వెబ్ సర్వర్‌కి అది చదివే హక్కు ఉండదు. రీస్టోర్‌కాన్ నడిపితే లేబుల్ సరిపడుతుంది. వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్, తన వెనక ఉన్న యాప్‌కి కనెక్ట్ కాలేక 502 ఎర్రర్ ఇస్తూ, ఎర్రర్ లాగ్‌లో పర్మిషన్ డినైడ్ అంటుంటే, హెచ్‌టీటీపీడీ కెన్ నెట్‌వర్క్ కనెక్ట్ అనే బూలియన్ ఆన్ చేయాలి.

నెట్‌వర్క్

ఇక్కడ ఎర్రర్ మాటల్నే జాగ్రత్తగా చదవాలి. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటే మీ ప్యాకెట్ ఆ మెషీన్ దాకా వెళ్లింది, ఆ పోర్ట్‌లో వినేవాళ్లే లేరు. టైమౌట్ అంటే దార్లో ఎవరో ప్యాకెట్‌ని మింగేస్తున్నారు, ఫైర్‌వాల్ లేదా క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్. మొదటిదానికి ఫైర్‌వాల్ రూల్స్ వెతకడం, రెండోదానికి సర్వీస్‌ని పదేపదే రీస్టార్ట్ చేయడం, రెండూ చాలావరకు వృథా. కొన్ని ఫైర్‌వాల్‌లు మాత్రం మింగకుండా తిరస్కరించేలా పెట్టి ఉంటాయి.

రెఫ్యూజ్డ్ వస్తే సర్వర్‌లో ఎస్ఎస్ కమాండ్‌తో ఏ ప్రాసెస్ ఏ చిరునామాలో వింటోందో చూడండి. 127.0.0.1 మీద వింటుంటే అదే మెషీన్ నుంచి తప్ప బయటివాళ్లకి అందదు. కంటైనర్ లోపల అయితే ఆ చిరునామా ఆ కంటైనర్‌కే పరిమితం, పోర్ట్ మ్యాప్ చేసినా లాభం లేదు. 0.0.0.0 మీద వినమనండి. ఇదే తప్పు అటువైపు నుంచి కూడా జరుగుతుంది: డేటాబేస్ హోస్ట్ లోకల్‌హోస్ట్ అని ఇచ్చిన యాప్‌ని కంటైనర్‌లో పెడితే, అది డేటాబేస్ కోసం తన కంటైనర్‌లోనే వెతుక్కుంటుంది.

పేరు ఐపీగా మారడం దగ్గర అనుమానం ఉంటే డిగ్ కమాండ్‌ని మాత్రమే నమ్మకండి. అది నేరుగా డీఎన్ఎస్‌ని అడుగుతుంది, హోస్ట్స్ ఫైల్ చూడదు. మామూలు ప్రోగ్రామ్‌లు చూస్తాయి. గెటెంట్ హోస్ట్స్ అని అడిగితే ప్రోగ్రామ్‌కి కనిపించేదే మీకూ కనిపిస్తుంది.

బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్ బాగానే తెరుచుకుని, ప్రోగ్రామ్ మాత్రం సర్టిఫికెట్ నమ్మనంటే, ఎదుటి సర్వర్ ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పంపడం లేదేమో చూడండి. బ్రౌజర్లు ఆ లోటుని తామే పూడ్చుకోగలవు, కర్ల్ లాంటివి సాధారణంగా పూడ్చుకోవు. ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్ క్లయింట్‌తో చైన్ మొత్తం కనిపిస్తుంది. చిన్న ఇమేజ్‌లలోనైతే సీఏ సర్టిఫికెట్ల ప్యాకేజే ఉండకపోవచ్చు. వెరిఫికేషన్ ఆఫ్ చేయడం పరిష్కారం కాదు.

మధ్యలో ఉన్న ప్రాక్సీ

లోకల్‌లో సాధారణంగా ఉండనిది, ప్రొడక్షన్‌లో దాదాపు ఎప్పుడూ ఉండేది రివర్స్ ప్రాక్సీ, అంటే రిక్వెస్ట్‌లని ముందు అందుకుని యాప్‌కి పంపే సర్వర్. 502 అంటే యాప్ పలకలేదు లేదా మధ్యలో కనెక్షన్ తెంపేసింది, 504 అంటే యాప్ ఆలస్యం చేసింది. ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్‌లోడ్‌లు 413తో తిరిగొస్తే క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ పెంచాలి, డిఫాల్ట్ 1 ఎంబీ మాత్రమే.

లాగిన్ కాగానే పేజీ మళ్లీ మళ్లీ రీడైరెక్ట్ అవుతూ ఉంటే, యాప్‌కి తాను హెచ్‌టీటీపీఎస్ వెనక ఉన్నానని తెలియడం లేదన్నమాట. ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్ ప్రాక్సీ నుంచి వెళ్తోందా, యాప్ దాన్ని నమ్మేలా సెట్ చేశారా చూడండి. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో డీబగ్ ఆఫ్ చేయగానే ప్రతి పేజీకీ 400 వస్తుంటే అలౌడ్ హోస్ట్స్‌లో డొమైన్ పేరు లేదు. సీఎస్ఎస్ పోతే, స్టాటిక్ ఫైళ్లని ఒకచోట చేర్చే కలెక్ట్ స్టాటిక్ కమాండ్ నడపలేదు, లేదా స్టాటిక్ ఫైళ్లు ఎవరు ఇవ్వాలో ప్రాక్సీకి చెప్పలేదు.

ఎప్పుడో ఒకసారి మాత్రమే వచ్చి పోయే 502లు అన్నిటికంటే విసిగిస్తాయి. నోడ్ సర్వర్లలో దీనికి పేరుమోసిన కారణం ఒకటుంది. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని నోడ్ చాలా వెర్షన్లలో డిఫాల్ట్‌గా 5 సెకన్లకే మూసేస్తుంది. ముందున్న లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్ట్‌లని సర్వర్లకి పంచేది) ఉదాహరణకి 60 సెకన్ల దాకా అది బతికే ఉందనుకుని, సరిగ్గా మూస్తున్న క్షణంలో కొత్త రిక్వెస్ట్ పంపుతుంది. నోడ్ కీప్ అలైవ్ టైమౌట్‌ని బ్యాలెన్సర్ కంటే ఎక్కువ, అంటే 65 సెకన్ల వరకు పెడితే ఆగిపోతాయి. వెనకున్నవాడి కీప్ అలైవ్ టైమౌట్ ముందున్నవాడి కంటే ఎక్కువ ఉండాలన్న ఈ సూత్రం ఏ భాషకైనా వర్తిస్తుంది.

డేటాబేస్, డేటా

లోకల్‌లో ఎస్‌క్యూలైట్, ప్రొడక్షన్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకోవడం చేజేతులా తెచ్చుకునే తలనొప్పి. 20 అక్షరాల కాలమ్‌లో 50 అక్షరాలు పెట్టినా ఎస్‌క్యూలైట్ ఊరుకుంటుంది, ఫారిన్ కీలని డిఫాల్ట్‌గా పట్టించుకోదు. పోస్ట్‌గ్రెస్ రెండిటికీ అడ్డం తిరుగుతుంది. మైఎస్‌క్యూఎల్ విషయంలో, టేబుల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా విండోస్‌లో లేదు, లినక్స్‌లో ఉంది. లోకల్‌లోనూ అదే డేటాబేస్, అదే వెర్షన్ కంటైనర్‌లో నడుపుకోండి.

మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అన్న పాత క్యారెక్టర్ సెట్ ఒక్కో అక్షరానికి గరిష్ఠంగా 3 బైట్లే ఇస్తుంది. తెలుగు అక్షరాలు సరిగ్గా 3 బైట్లవి కావడంతో మీ టెస్టింగ్ అంతా సాఫీగా సాగుతుంది. అసలు యూజర్ ఎమోజీ పెట్టగానే ఎర్రర్ వస్తుంది, దానికి 4 బైట్లు కావాలి. యూటీఎఫ్8ఎంబీ4కి మార్చండి.

కనెక్షన్ల లెక్క ముందే వేసుకోవాలి. 4 సర్వర్లు, ఒక్కోదానిలో 8 వర్కర్లు, ఒక్కో వర్కర్‌కి 5 కనెక్షన్ల పూల్ (తెరిచి సిద్ధంగా ఉంచుకునే గుంపు) అంటే 160. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100, మైఎస్‌క్యూఎల్‌ది 151. ట్రాఫిక్ పెరిగిన రోజే ఇది బయటపడుతుంది. పరిమితి గుడ్డిగా పెంచే ముందు పూల్ తగ్గించి చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ ఒక ప్రత్యేక ప్రాసెస్, ఊరికే రాదు.

200 వరుసల టేబుల్ మీద క్షణంలో తేలిన క్వెరీ 40 లక్షల వరుసల మీద నిమిషాలు తీసుకుంటే ఎక్కడ టైమ్ పోతోందో ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌తో చూడండి. అది క్వెరీని నిజంగానే నడుపుతుంది, కాబట్టి అప్‌డేట్, డిలీట్‌ల మీద వాడితే ట్రాన్సాక్షన్ తెరిచి, చూశాక రోల్‌బ్యాక్ చేయాలి.

ఒకటికి బదులు మూడు కాపీలు నడిచే చోట ఇంకో రకం తప్పులు. లాగిన్ ఒకసారి ఉంటుంది, రీఫ్రెష్ చేస్తే పోతుంది: సెషన్ ఒక కాపీ మెమరీలో ఉంది, రిక్వెస్ట్ ఇంకో కాపీకి వెళ్లింది. అప్‌లోడ్ చేసిన ఫొటో ఒకసారి కనిపించి ఒకసారి కనిపించదు: అది ఒక సర్వర్ డిస్క్‌లో మాత్రమే ఉంది. ఒకే మెయిల్ మూడుసార్లు వెళ్తుంది: షెడ్యూల్ చేసిన పని ప్రతి కాపీలోనూ నడుస్తోంది. అనుమానం తీరాలంటే కాపీలు ఒకటికి తగ్గించి చూడండి.

కొన్ని గంటలు నడిచి పడిపోతే

టూ మెనీ ఓపెన్ ఫైల్స్ వస్తే ప్రాక్‌లో ఆ ప్రాసెస్ కింద ఉన్న లిమిట్స్ ఫైల్ చూడండి. చాలాచోట్ల సాఫ్ట్ లిమిట్ 1024. లిమిట్స్ కాన్ఫ్ ఫైల్‌లో పెంచామని చాలామంది అనుకుంటారు, సిస్టమ్‌డీ సర్వీసులకి అది వర్తించదు. యూనిట్ ఫైల్‌లో లిమిట్ నోఫైల్ పెట్టాలి. తెరిచి ఉన్న ఫైళ్ల సంఖ్య గంటగంటకీ పెరుగుతూనే ఉంటే మాత్రం లిమిట్ పెంచడం వాయిదా వేయడమే, ఎక్కడో కనెక్షన్ మూయడం లేదు.

డిస్క్ నిండిందని ఎర్రర్, డీఎఫ్ చూస్తే ఖాళీ. డీఎఫ్‌కి ఐ ఆప్షన్ ఇచ్చి ఐనోడ్‌లు (ప్రతి ఫైల్‌కీ ఒకటి చొప్పున కావలసిన రికార్డులు) చూడండి, లక్షల చిన్న ఫైళ్లు వాటిని తినేసి ఉంటాయి. దీనికి తిరగబడ్డ కేసు: లాగ్ డిలీట్ చేసినా చోటు తిరిగి రాదు. ప్రాసెస్ ఇంకా ఆ ఫైల్‌ని పట్టుకునే ఉంది. ఎల్ఎస్ఓఎఫ్‌కి ప్లస్ ఎల్ 1 ఇస్తే అలాంటివన్నీ బయటపడతాయి.

రాత్రంతా ఎవరూ వాడక, పొద్దున మొదటి రిక్వెస్ట్ మాత్రమే ఫెయిల్ అవుతుంటే, ఖాళీగా పడున్న డేటాబేస్ కనెక్షన్‌ని అవతలివైపు మూసేసింది. మైఎస్‌క్యూఎల్ 28800 సెకన్లకి, అంటే 8 గంటలకి మూస్తుంది, మధ్యలోని ఫైర్‌వాల్‌లు ఇంకా ముందే తెంపేస్తాయి. పూల్‌లో కనెక్షన్ వయసు అంతకంటే తక్కువ పెట్టండి.

కంటైనర్‌లో ఫ్రీ కమాండ్ చూపించే మెమరీ హోస్ట్‌ది, మీకు కేటాయించింది కాదు. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. జావా 8లో 191వ అప్‌డేట్‌కి ముందున్నవి కూడా ఇదే పొరపాటు పడి హీప్‌ని (తన మెమరీ వాటాని) ఇష్టమొచ్చినంత పెంచుకుని చచ్చిపోయేవి.

ఏదీ కాకపోతే

తేడాలని సగానికి సగం తగ్గించుకుంటూ వెళ్లండి. ప్రొడక్షన్‌లో నడుస్తున్న అదే ఇమేజ్‌ని మీ మెషీన్‌లో నడపండి. పడిపోతే తప్పు ఇమేజ్‌లో ఉంది. పడకపోతే ప్రొడక్షన్ సెట్టింగులు ఇవ్వండి, పాస్‌వర్డ్‌లూ డేటాబేస్ చిరునామా తప్ప. అప్పుడూ పడకపోతే మిగిలినవి నెట్‌వర్క్, డేటా, లోడ్. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చి బాగుపడితే ఏది పనిచేసిందో తెలియదు, ఆ అనవసరపు రెండోది ఏళ్ల తరబడి కాన్ఫిగ్‌లో ఉండిపోతుంది.

ఏ ఫైల్ దొరకక ఆగిపోతోందో ఎర్రర్ మెసేజ్ చెప్పనప్పుడు స్ట్రేస్‌కి (ప్రోగ్రామ్ సిస్టమ్‌ని అడిగేవన్నీ చూపే టూల్) ఎఫ్ ఆప్షన్, ట్రేస్ ఫైల్ ఫిల్టర్ ఇచ్చి నడపండి. తెరవబోయి విఫలమైన ప్రతి పాత్ వరసగా కనిపిస్తుంది. చివరి నుంచి పైకి చదవండి. ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది కాబట్టి ట్రాఫిక్ ఉన్న సర్వర్ మీద ఎక్కువసేపు వదలొద్దు.

ప్రోగ్రామ్ లేవగానే లాగ్‌లో వెర్షన్, కమిట్ ఐడీ, యూజర్, వర్కింగ్ డైరెక్టరీ, టైమ్‌జోన్, డిఫాల్ట్ ఎన్‌కోడింగ్, డేటాబేస్ హోస్ట్ పేరు రాసేలా పది లైన్లు చేర్చి పెట్టండి, పాస్‌వర్డ్‌లు మాత్రం వద్దు. తప్పనిసరి సెట్టింగ్ ఏదైనా లేకపోతే దాని పేరు చెప్పి అక్కడికక్కడే ఆగిపోవాలి. డిఫాల్ట్ విలువతో సర్దుకుపోయే ప్రోగ్రామ్ మూడు రోజుల తర్వాత ఇంకెక్కడో విరుగుతుంది.